మూఢంలో కొన్న కంప్యూటర్

2024లో ఏప్రిల్ నెలాఖరున మొదలైన మూఢం జులై మొదటి వారం దాటేదాకా వదల్లేదు. మూఢమంటే ముహూర్తాలుండవు, ముహూర్తాలు లేకపోతే శుభలేఖలుండవు, శుభలేఖలు లేకపోతే కంప్యూటర్ మీద అచ్చు పనులు చేసే మాలాంటి డీటీపీ వాళ్లకి ఈగలు తోలుకోవడమే పని. దాని వెనకే ఆషాఢం. శ్రావణం వస్తేగానీ మళ్లీ కళ రాదు. ఆ ఏడాది మే 13న లోక్‌సభ ఎన్నికలు పడ్డాయి కాబట్టి గట్టెక్కాం. కరపత్రాలు, డోర్ స్టిక్కర్లు, ఫ్లెక్సీలు, నెలన్నర సరిగ్గా నిద్ర లేదు. కరపత్రం కింద ప్రింటర్ పేరు, పబ్లిషర్ పేరు వేయడం మర్చిపోతే కేసవుతుందని మా ఓనర్ రోజుకి పదిసార్లు గుర్తు చేసేవారు.

ఆ ఓవర్‌టైమ్ డబ్బూ, రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని చేసిన సొంత పనుల డబ్బూ కలిపితే జూన్ మొదట్లో నా చేతిలో 60 వేలు తేలాయి. పద్నాలుగేళ్లుగా చిక్కడపల్లిలో ఇంకొకరి షాపులో ఇంకొకరి కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని. ఇక నాదంటూ ఒకటి కొందామనుకున్నాను.

"మూఢంలో కొత్త వస్తువు ఇంటికి తెస్తారా బిడ్డా?" అంది మా అత్తమ్మ.

"పనిముట్టు అత్తమ్మా, బంగారం కాదు" అన్నాను. ఆమెకి నచ్చలేదు. కానీ శ్రావణం దాకా ఆగితే శుభలేఖలు మీద పడతాయి. అప్పుడు కంప్యూటర్ బిగించుకుని, సాఫ్ట్‌వేర్లు వేసుకుని, చేతికి అలవాటు చేసుకునే తీరికెక్కడిది? నాకు ఖాళీ దొరికేదే మూఢంలో.

అప్పటిదాకా ఇంట్లో ఉన్నది మా తమ్ముడు కాలేజీ రోజుల్లో వాడి వదిలేసిన డబ్బా. డ్యూయల్ కోర్, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్, విండోస్ 7. కంప్యూటర్ కొంటున్నానని చెప్పగానే వాడు పది నిమిషాల్లో వాట్సాప్‌లో ఒక లిస్టు పంపాడు. మొత్తం 82 వేలు. అందులో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 27 వేలు. మానిటర్ లేదు, యూపీఎస్ లేదు. "అక్కా, గ్రాఫిక్స్ కార్డు లేకపోతే అది ఆఫీస్ డబ్బా అయిపోతది" అన్నాడు. నాది ఆఫీస్ పనే కదరా అంటే నవ్వాడు.

వాడి లిస్టు పక్కన పెట్టి నేనొక పని చేశాను. పాల లెక్క రాసే నోట్‌బుక్‌లో వెనక పేజీలు తీసి, ఆరు రోజుల పాటు ఆ పాత డబ్బా ముందు ఎక్కడెక్కడ ఎంతసేపు ఊరికే కూర్చున్నానో రాసుకున్నాను. స్విచ్ వేసినప్పటి నుంచి మౌస్ కదిలేదాకా నాలుగు నిమిషాలు. ఫోటోషాప్ తెరుచుకోవడానికి రెండు నిమిషాల పైన. ఫ్లెక్సీ ఫైలు సేవ్ కొట్టి లేచి వెళ్లి అన్నం వార్చి వచ్చిన రోజులున్నాయి. ఆరు రోజులకీ కలిపితే ఐదు గంటల పది నిమిషాలు తేలింది. అందులో మూడు గంటలు పెద్ద ఫైళ్లు తెరవడానికీ సేవ్ చేయడానికీ పోయినవే. పేజ్‌మేకర్ దగ్గర ఆగింది మాత్రం మొత్తం మీద ఏడు నిమిషాలు.

పేజ్‌మేకర్ గురించి తెలియని పిల్లల కోసం ఒక మాట. అచ్చుకి పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ అది. దాని చివరి వెర్షన్, 7.0, వచ్చింది 2001లో. తెలుగు పుస్తకాలూ శుభలేఖలూ కంపోజ్ చేసే మాలో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లు వేసుకుని దాంట్లోనే కూర్చుంటున్నాం. కస్టమరు వాట్సాప్‌లో యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో కనిపించే మామూలు తెలుగులో, శుభ్రంగా పంపిన మేటర్ అను ఫాంట్లలోకి నేరుగా రాదు కాబట్టి, మళ్లీ మొదటి నుంచి టైప్ చేస్తున్నాం. అదొక పెద్ద గోల, ఇంకోసారి రాస్తాను. ఇక్కడ విషయమేమిటంటే, దానికి ఈ కాలపు ప్రాసెసర్ ఏదైనా ఎక్కువే. నా టెన్షన్ అల్లా విండోస్ 11లో అసలు నడుస్తుందా లేదా అని. తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో వేసి చూశాను. అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే నడిచింది. అది చూసుకున్నాకే డబ్బు తీశాను.

మరి ఆ మూడు గంటలు ఎక్కడ పోయినట్టు? లెక్క వేసి చూశాను. 10 అడుగులు, 6 అడుగుల ఫ్లెక్సీ అనుకోండి. అంగుళానికి 72 పిక్సెళ్లు వేసుకుంటే ఒక వైపు 8,640, ఇంకో వైపు 5,184. రెండూ గుణిస్తే దాదాపు నాలుగున్నర కోట్ల పిక్సెళ్లు. అచ్చుకి వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఒక్కో పిక్సెల్‌కి నాలుగు బైట్లు, అంటే నిండుగా ఉన్న ఒక్క లేయర్‌కే (బొమ్మ మీద బొమ్మగా పరిచే పొరకే) 179 ఎంబీ. మన నాయకుల ఫ్లెక్సీలో లేయర్లెన్ని ఉంటాయో చెప్పక్కర్లేదు. పైన పెద్దాయన, ఆయన పక్కన ఇంకో పెద్దాయన, కింద వరసలో శుభాకాంక్షలు తెలిపే పదిహేను మంది. డజను నిండు లేయర్లు పడితే 2 జీబీ దాటిపోతుంది. వెనక్కి వెళ్లడానికి ఫోటోషాప్ దాచుకునే మెట్లు దానికి అదనం. ఉన్నది 4 జీబీ ర్యామ్, అందులో విండోస్ తన వాటా తను తీసేసుకుంటుంది. మిగిలిందంతా ఫోటోషాప్ హార్డ్ డిస్క్ మీద పరుస్తుంది. ఆ డిస్క్ సెకనుకి వంద ఎంబీ చదవడానికే ఆయాసపడుతుంది. నేను అన్నం వార్చింది అందుకు.

కాబట్టి నాకు ముందు కావాల్సింది ర్యామ్, తర్వాత ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా చదివే డిస్క్, అందులోనూ ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం. గ్రాఫిక్స్ కార్డు పేరు ఆ నోట్‌బుక్‌లో ఒక్కసారి కూడా రాలేదు. తమ్ముడికి ఆ పేజీలు ఫోటో తీసి పంపితే రెండు రోజులు రిప్లై లేదు.

తర్వాత పేజీని నిలువుగా రెండు చేసి ఒక వైపు 'ఇప్పుడే', ఇంకో వైపు 'తర్వాతైనా' అని రాశాను. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటిచ్చే డబ్బా), మానిటర్ 'ఇప్పుడే' కింద పడ్డాయి, వాటిని మళ్లీ మళ్లీ మార్చలేం కాబట్టి. ర్యామ్ మాత్రం సగం ఇటు, సగం అటు. నేను అనుకున్న హెచ్610 రకం మదర్‌బోర్డులో ర్యామ్ స్లాట్లు రెండే ఉంటాయి. 8 జీబీలు రెండు వేస్తే జంటగా పనిచేసి వేగం పెరుగుతుంది (డ్యూయల్ చానెల్ అంటారు) గానీ స్లాట్లు రెండూ నిండిపోతాయి. అదే 16 జీబీ ఒకటి వేస్తే రెండోది ఖాళీగా ఉంటుంది, చేతిలో డబ్బాడినప్పుడు ఇంకో 16 పెట్టుకోవచ్చు. ర్యామ్ ధర రోజురోజుకీ తగ్గేదే కదా అనుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ప్రాసెసర్ విషయంలో నా నోట్‌బుక్ మాట నేనే వినలేదు. నా పనికి ఇంటెల్ ఐ3 12100 చాలు. నాలుగు కోర్లు, దాదాపు 5 వేలు తక్కువ. కానీ పద్నాలుగేళ్లకి మొదటిసారి సొంతంగా కొంటున్నాను, ఐ5 అని చెప్పుకోవాలని మనసు లాగింది. ఐ5 12400 రాసేశాను. ఎస్‌ఎంపీఎస్ కూడా అంతే. ఈ ప్రాసెసర్ గట్టిగా లాగినా 117 వాట్లే, కంప్యూటర్ మొత్తం కలిపినా 200 దాటదు. తమ్ముడు మాత్రం "రేపు కార్డు వేసుకుంటావు అక్కా, 550 తీసుకో" అని నస పెట్టాడు. ఆ రేపు ఇంతవరకు రాలేదు.

మానిటర్ దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా వెనక్కి తగ్గలేదు. దానికో కథ ఉంది. పాత డబ్బాకున్నది టీఎన్ ప్యానెల్. తల కొంచెం కిందికి దించితే ఎరుపు ఇటుక రంగులోకి పోతుంది, పైకెత్తితే పాలిపోతుంది. ఒకసారి ఇంట్లో రాత్రి ఒక శుభలేఖ చేసి పంపాను. స్క్రీన్ మీద నిండు పసుపు, కుంకుమ ఎరుపు. ప్రింటయ్యి వచ్చాక చూస్తే పసుపులో పచ్చదనం తొంగి చూస్తోంది. నేను వేసిన పసుపులో ఐదు శాతం సయాన్ (నీలం సిరా) కలిసిపోయి ఉంది, ఆ స్క్రీన్ మీద నా కంటికి ఆనలేదు. పెళ్లికూతురి తండ్రి కార్డు చేతిలో పట్టుకుని "ఇది పసుపా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. అరిచినా బాగుండేది. మూడు వందల కార్డులు మళ్లీ వేయించి ఇచ్చాను, నా డబ్బుతో. స్క్రీన్ మీది రంగూ కాగితం మీది రంగూ ఎప్పుడూ ఒకటి కావు, అది ఈ పనిలో మొదటి రోజే నేర్పుతారు. కానీ తల కదిపినప్పుడల్లా రంగు మారే తెరని నమ్ముకుని పని చేయడం వేరు. అందుకే పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని 24 అంగుళాల ఐపీఎస్ తెర, ఎస్ఆర్‌జీబీ రంగుల్లో 99 శాతం చూపిస్తుందని రాసున్నది, 9,400. పెట్టె పాతబడిపోయినా ఇది ఇంకో కంప్యూటర్‌కి పనికొస్తుంది.

ఇక ఎవరి లిస్టులోనూ కనపడని ఖర్చు ఒకటి ఉంది. ఎర్తింగ్. మాది ముషీరాబాద్‌లో పాత అద్దె ఇల్లు. పాత డబ్బా క్యాబినెట్ తడి చేత్తో తాకితే జివ్వుమనేది. కంప్యూటరంటే అంతే కాబోలు అనుకుని ఏళ్ల తరబడి చెప్పులేసుకుని కూర్చున్నాను. ఎన్నికల పనప్పుడు షాపుకొచ్చిన ఎలక్ట్రీషియన్‌ని అడిగితే అసలు సంగతి చెప్పాడు. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు వైర్లకీ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి, కరెంటులో కలిసొచ్చే గోలని (నాయిస్‌ని) వడకట్టడానికి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరు దారిన భూమిలోకి పోవాలి. సాకెట్‌కి మూడు రంధ్రాలుండి, మూడోదానికి వెనక వైరే లేకపోతే అది బాడీ మీదే ఉండిపోతుంది. సగం ఓల్టేజీ, వంద పైచిలుకు ఓల్టులు. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమనడంతో పోతుంది. ఇంటికొచ్చి మా సాకెట్ విప్పి చూపించాడు. మూడో స్క్రూకి ఏమీ లేదు, బూజు తప్ప. ఇంటి ఓనర్‌ని అడిగితే "ఇన్నేళ్లూ ఎవరికీ ఏం కాలేదు కదమ్మా" అన్నాడు. మీటరు బోర్డు దగ్గర నుంచి వైరు లాగించడానికి నా జేబులోంచే 1,400 అయ్యింది. కొత్త కంప్యూటర్ కొనకముందే ఆ పాత డబ్బాని తాకి చూశాను. నోరు మూసుకుని ఉంది.

జూన్ 15, శనివారం. ముషీరాబాద్‌లో మెట్రో ఎక్కి, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌లో మారి, ప్యారడైజ్‌లో దిగి, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్ల షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడిచాం, నేనూ తమ్ముడూ. సీటీసీ అంటేనే అందరికీ తెలుస్తుంది. మూడు షాపుల్లో ఒకే లిస్టు ఇచ్చి మూడు కొటేషన్లు రాయించుకున్నాను. ఒక షాపు వాడిది మిగతా ఇద్దరి కంటే 5,800 తక్కువ. తమ్ముడు అక్కడే పర్సు తీయబోయాడు. నేను ఆ చీటీ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను.

పద్నాలుగేళ్లు ప్రూఫులు చదివిన కళ్లు ఇవి. వత్తు ఎగిరిపోతే పట్టుకోవాలి, శ కి బదులు ష పడితే పట్టుకోవాలి. ఒక్కో లైను వేలితో చదువుకుంటూ పోయాను. ఎస్‌ఎస్‌డీ అని ఉంది, ఎన్‌వీఎంఈ అన్న మాట లేదు. ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లు అని ఉంది, కంపెనీ పేరు లేదు. ప్రాసెసర్ 12400 పక్కన ఒక ఎఫ్ ఉంది. నేనిచ్చిన లిస్టులో ఎఫ్ లేదు.

"ఈ ఎఫ్ ఏంటి తమ్ముడూ?" అని కౌంటర్‌లో కుర్రాణ్ని అడిగాను.

"ఏం తేడా లేదు మేడం, స్పీడ్ సేమ్. మూడు వేలు తక్కువ."

స్పీడ్ సేమే, అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు వేస్తే తప్ప మానిటర్ మీద బొమ్మే రాదు. కార్డు వద్దనుకున్న నేను దాన్ని ఇంటికి తెచ్చుకుంటే నల్ల తెర ముందు కూర్చోవాలి, లేదా మళ్లీ వచ్చి కార్డు కొనాలి. ఒక్క అక్షరం. తమ్ముడి మొహం చూడాల్సింది అప్పుడు. గేములాడే వాడికి ఎఫ్ అంటే మూడు వేలు మిగలడమే, ఎప్పుడూ ఇంకోలా ఆలోచించే అవసరం రాలేదు.

రెండో షాపులో కొన్నాం. ప్రాసెసర్ 15,200, బోర్డు 6,800, ర్యామ్ 3,300, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ 5,800, ఎస్‌ఎంపీఎస్ 4,100, క్యాబినెట్ 2,900. పెట్టె వరకు 38,100. బయటి సంగతి చూడండి: మానిటర్ 9,400, 600 వీఏ యూపీఎస్ 3,100, కీబోర్డు మౌస్ 1,100, ఎర్తింగ్ 1,400, విండోస్ 9,300. "విండోస్ మేమే వేసిస్తాం మేడం, పైసా అక్కర్లేదు" అన్నారు ముగ్గురూ. సొంతంగా బిల్లులిచ్చి పని చేసుకుందామనుకుంటూ దొంగ విండోస్‌తో మొదలుపెట్టడం మనసొప్పలేదు. అన్నీ కలిపి 62,400. అనుకున్నదాని కంటే 2,400 ఎక్కువ. ఆటోకి ఇచ్చింది రాయలేదు. నూటికి దాదాపు 39 రూపాయలు పెట్టె బయటే ఖర్చయ్యాయి. వీడియోల్లో '60 వేల బిల్డ్' అంటారే, అందులో ఈ 39 ఉండదు. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామన్నారు కూడా, వద్దన్నాను. రేపు బోర్డు పోతే వారంటీకి చూపించాల్సింది ఆ కాగితమే.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక బల్ల తుడిచి మొదలుపెట్టాం. ప్రాసెసర్ సాకెట్ లివర్ దించేటప్పుడు కిర్రుమని చప్పుడొచ్చింది, పదిహేను వేల ప్రాసెసర్ విరిగిందనుకున్నాను. అది మామూలేనట. కూలర్‌కి నాలుగు మూలలా ఉండే పిన్నులు టక్కుమనేదాకా నొక్కాలి, బోర్డు వంగుతుంటే ప్రాణం పోతుంది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే పేస్టు కూలర్‌కి ముందే పూసి వస్తుంది, వేరే కొనక్కర్లేదు. అంతా బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. అత్తమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ వినపడింది.

నలభై నిమిషాలు వెతికాం. ర్యామ్ తీసి పెట్టాం, కేబుల్ మార్చాం. చివరికి చూస్తే బోర్డు పై మూలలో ప్రాసెసర్‌కి కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల వైరు పెట్టనేలేదు. క్యాబినెట్ వెనక దాగిపోయి ఉంది. పెట్టగానే వచ్చింది.

ఇప్పుడు స్విచ్ వేస్తే పదిహేను సెకన్లలో తయారు. ఆ 10 బై 6 ఫ్లెక్సీ సేవ్ కొడితే కుర్చీలోంచి లేచే అవసరం లేదు. శ్రావణంలో పదకొండు శుభలేఖలు ఇంట్లోనే చేశాను.

ఇక ఆ ర్యామ్ సంగతి. ఈమధ్య పెళ్లి ఆల్బమ్ డిజైన్లు కూడా ఒప్పుకుంటున్నాను. 12 బై 36 షీట్లు, 300 డీపీఐలో, నాలుగైదు ఒకేసారి తెరిస్తే 16 జీబీ చాలడం లేదు. 2026 జనవరిలో అదే షాపుకి ఫోన్ చేసి అదే ర్యామ్ ఇంకోటి ఎంతని అడిగాను. 10,500 అన్నాడు. తప్పు విన్నానేమోనని మళ్లీ అడిగాను. ఏఐ సర్వర్ల కోసం మెమరీ కంపెనీలన్నీ అటు తిరిగాయి, నా బోర్డుకి పట్టే డీడీఆర్4 రకం ర్యామ్ తయారీ అసలే తగ్గించుకుంటూ వస్తున్నాయి. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో క్రూషల్ పేరుతో మనలాంటి వాళ్లకి అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు ప్రకటించింది. 'తర్వాతైనా' అని రాసుకున్న వైపున నేను పెట్టిన ఒకే ఒక్క వస్తువు మూడు రెట్లయి కూర్చుంది. ఆ రోజు ఐ5 మోజు మానుకుని ఐ3 తీసుకుని ఉంటే, మిగిలిన 5 వేలలో రెండో 16 జీబీ వచ్చి ఇంకా చిల్లర మిగిలేది.

అత్తమ్మకి చెబితే "నేను చెప్పలేదా, మూఢంలో కొనొద్దని" అంది. మూఢంలో ఇంకొకటి కొనకపోవడమే తప్పయిందని ఆమెకి ఎలా చెప్పను? రెండో స్లాట్ ఇంకా ఖాళీగానే ఉంది.